అల్మారా తలుపు లోపల

ఆదోనిలో మార్కెట్ యార్డు ఉద్యోగానికొచ్చి
కోట కొండ కిందుగా రెండు గదులు బాడుగకు తీసుకున్నా.
నాపరాళ్ల నేల. వంటింట్లో ఒక గోడ అల్మారా.
దాని తలుపు లోపలి వైపు
పెన్సిలుతో, సుద్దముక్కతో, ఒకచోట కాటుకతో
ఎవరో రాసిపెట్టిన మాటలు.

"నీళ్లు మూడు దినాలకొకతూరి. తెల్లారుజామున నాలుక్కు.
నిద్రబోయినావా, పాయె."

"బోరునీళ్లల్లో కందిబ్యాళ్లు ఉడకవు.
పంపునీళ్లు ఒక చెంబు దాచిపెట్టుకో."

"కుండకు చెమట పడితేనే లోపల చల్లన.
రంగేసిన కుండ కొనొద్దు. దానికి చెమట పట్టదు."

"శనక్కాయ విత్తనం చేదుగుంటే ఉమ్మెయ్.
బూజు పట్టింది ఊరికే ఇచ్చినా తేవొద్దు."

"చెప్పులు దులిపి తొడుక్కో, బండల సందుల్లో తేళ్లుంటాయి.
కుడితే కట్టు గట్టొద్దు, గాటు పెట్టొద్దు,
ఆటో ఎక్కి పెద్దాసుపత్రికి పో.
తేలు ఏదో నీలం లైటు కింద మెరుస్తాదంట.
పిల్లోడు చెప్పినాడు. నేను చూళ్లేదు."

నాకప్పటికి వంటంటే టీ ఒకటే.
ఆ తలుపు తెరిచిపెట్టుకునే పప్పు ఉడికించా,
ఆ తలుపు మాట మీదే అలారం పెట్టుకుని
నాలుగింటికి బిందెల ముందు కూచున్నా.

ఒక మాట మాత్రం కొట్టేసి ఉంది, రెండుసార్లు:
"కాలితే పళ్ల పేస్టు రాయాల."
దాని కింద, పెన్సిలు ముక్కు విరిగేంత ఒత్తి,
"రాయొద్దు. పంపు కింద పెట్టాల. ఇరవై నిమిషాలు.
ఏడ్చినా తియ్యొద్దు."

ఇంకా కిందికి, బియ్యం లెక్క.
నలుగురికి రెండు గ్లాసులు.
తర్వాత గ్లాసున్నర.
తర్వాత గ్లాసు.
ఆఖరికి అర గ్లాసు.
ఆ తర్వాత బియ్యం ఊసే లేదు.
అట్టడుగున ఒక వాక్యం సగంలో ఆగిపోయింది:
"చీమలు పట్టకుండా చక్కెర డబ్బా"

ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు.
ఒక్కొక్కరే తగ్గిపోయిన ఇల్లు!
అరటిపండుకు అగరొత్తి గుచ్చి
అల్మారాలో వెలిగించా, తలుపు వేయకుండా.

పొద్దున పక్కింటి హుసేనమ్మనడిగా.
"దస్తగిరమ్మ రాత నాయనా అది.
పత్తి మిల్లులో పనికి పొయ్యేది."
గొంతు తగ్గించి అన్నా, "ఎట్ల పోయిందక్కా?"
"ఆటోలో. సామాను ఎక్కువుండె, రెండు ట్రిప్పులు."

ఎమ్మిగనూరు రోడ్డులో బోండాల బండి.
మొగుడు మిరపకాయలు చీలుస్తున్నాడు,
కూతురు చిల్లర లెక్కపెడుతోంది,
సెనగపిండి మోచేతుల దాకా పూసుకుని
దస్తగిరమ్మ, నిండుగా, నవ్వుతూ.

"ఆ బియ్యమా! షుగరు మూడునూర్లు దాటింటే
డాక్టరమ్మ అన్నం తగ్గించమనె.
కొర్రలు, జొన్నరొట్టె, అదీ కొలుచుకునే.
ఇంటిల్లిపాదీ నన్ను తిట్టుకుంటా తిన్నారు.
బోండాలు మీకే, మాకు కాదు."

అగరొత్తి సంగతి నోరుజారి చెప్పేశా.
నలుగురూ నవ్వారు, పక్క బండి చెరుకు రసం వాడు కూడా.
"రాసింది చదువుకోవాల గానీ
రాయంది చదివితే ఎట్లప్పా?" అందామె.

పొట్లం అందించిన పిల్లోడి మణికట్టు మీద
అరచందమామంత తెల్లటి మచ్చ.
దాని గురించి అడగలేదు.

"మరి ఆ చక్కెర డబ్బా?" అన్నా.
"చీమలు పట్టకుండా ఏం చెయ్యాల?"
నూనెలో జల్లిగరిటె ఆపి
కొండ వైపు చూసి ఆలోచించింది.
"ఏమో నాయనా, గుర్తులేదు.
నీళ్లొచ్చింటాయి. లేచి పోయింటా."